ఎచ్చటి బీరువకు నేను చేసిన ఆయుధ పూజ

రాస్తున్నవా బిడ్డా? ముందుగాల పెన్ను మూత తియ్యి. ఆఁ, రాయి.

లోకంల ఆడోళ్లు పాలు పొంగిస్తరు, అన్నం మాడుస్తరు, మరీ మొద్దుమొహంది అయితె పప్పుల ఉప్పు రెండుసార్లు ఏస్తది. మీ అమ్మమ్మ గసుంటి చిల్లర పనులు చేసే మనిషి గాదు. మీ అమ్మమ్మ ఒక్క పూట భక్తితోని ఒక ఆడపిల్ల మూడేండ్ల చదువుకు బూజు పట్టిచ్చింది. కోపంతోని గాదు, కుళ్లుతోని గాదు. దండం పెట్టిన చేతులతోనే.

ఏందే నవ్వుతున్నవ్? ఇది నవ్వే ముచ్చట గాదు. యాదికొస్తె ఇప్పటికీ నాకు గొంతుల ముద్ద దిగది. చదివెటోళ్లు నవ్వుతరంటవా? నవ్వనియ్యి. ఆళ్ల బీరువ గాదు గదా.

గప్పుడు మేం సరూర్‌నగర్ల కిరాయికుంటుంటిమి. మీ తాత బస్సు డ్రైవరు. నేను ఎల్బీనగర్ చౌరస్తా దాటినంక, సాగర్ రోడ్డు మీద ఒక ల్యాబుల పనికి పోతుంటి. దాని పేరు రాయకు, ఆళ్ల ఇజ్జత్ ఆళ్లకుండాలె. ఆడ కణాల మీద పరిశోధన చేస్తరు. కణమంటె ఏందంటవా? మన ఒళ్లు ఇటుకలతోని కట్టిన ఇల్లనుకో. ఒక్కొక్క ఇటుక ఒక్కొక్క కణం. ఆళ్లేం చేస్తరంటె, గోడలకెల్లి ఒక ఇటుక పీకి, సీసల ఏసి, తిండి పెట్టి సాదుతరు. గా ఒక్కటి రెండైతది, రెండు నాలుగైతయి. ఇటుకలు పిల్లల్ని పెట్టుడు నేను ఆడనే చూసిన.

నా పని సీసలు కడుగుడు, నేల తుడుసుడు, సామాన్లన్ని పెద్ద కుక్కర్ల ఏసి ఉడకబెట్టుడు. గా కుక్కరు మామూలుది గాదు, పెండ్లిళ్ల బగార వండే డేగిస అంత ఉంటది. మూడేండ్లు ఉడకబెట్టిన, ఒక్కనాడు దాంట్లకెల్లి తినేది ఏదీ బయటికి రాలే.

ఆడ శ్రావణి అని ఒక పిల్ల ఉండె. తణుకు దిక్కుది. దిల్‌సుఖ్‌నగర్ల ఆడపిల్లల హాస్టల్ల ఉండి డాక్టరేటు చదువుతుండె. సూది మందిచ్చే డాక్టరు గాదు, లావు పుస్తకం రాసే డాక్టరు. ఏదో దవాఖానల ఒకాయనకు కడుపుల గడ్డ తీస్తే, గా గడ్డ ముక్కలకెల్లి ఈ పిల్ల కణాలు పెంచింది. గడ్డ మంచిది గాదు, కని దాన్ని చంపే మందు ఎదకాలంటె ముందు దాన్ని సాదాలె గదా. రోజ్ షర్బత్ రంగు నీళ్లు ఆటి తిండి. ఆకలైతె గా నీళ్లు పసుపుపచ్చగైతయి, కామెర్లొచ్చిన కండ్ల లెక్క. అప్పుడు పాత నీళ్లు తీసి కొత్తయి పోస్తది. పండుగ లేదు, పబ్బం లేదు, ఆదివారం లేదు. "నా పిల్లలండీ వీళ్లు" అంటుండె. పెండ్లి గాని పిల్ల, సీసల నిండ పిల్లలు.

ఈ పిల్లలు ఉండేది ఒక ఎచ్చటి బీరువల. ఇంక్యుబేటర్ అంటరు. మనిషి కడుపుల ఎంత ఎచ్చగుంటదో బరాబర్ గంతే ఎచ్చగ పెడ్తది. తలుపు తీస్తె లోపల ఇంకో అద్దం తలుపు. అడుగున తాంబాళంల నీళ్లు, పక్కపొంటి గ్యాసు పైపు. నేను దాని బయట తుడిసేదాన్ని. లోపల చెయ్యి పెట్టే హక్కు నాకు లేదు, మా ఇంట్ల మా అత్త ఇనుప సందుక లెక్క.

శ్రావణి పుస్తకం అయిపోవుడికి ఇంకొక్క పరీక్ష మిగిలింది. నెల రోజుల పని. గా పరీక్ష గా కణాల మీదనే చెయ్యాలె, వేరేటియి పనికిరావు. అదయితె ముందే పంపిన పేపరు అచ్చయితది, పేపరు అచ్చయితె డాక్టరేటు. కణాలు పోతె మూడేండ్లు పాయె. ఇది యాది పెట్టుకో బిడ్డా, ముందు ముందు నేను చేసే ఘనకార్యానికి ఇదే కొలబద్ద.

గప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు బంద్, బళ్లు బంద్, బస్సులు బంద్. మీ తాత బస్సు డిపోల ఆపేసి ఇంట్ల కూసున్నడు. ఎల్బీనగర్ చౌరస్తాల నడి రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు. నేను పొద్దుగాల పనికి నడిసి పోయేటప్పుడు ఆడ కూసోని నాలుగు వంకాయలు కోసి, రెండుసార్లు జై తెలంగాణ అని, మళ్ల నడిసేదాన్ని. అందుకు నేను ఇప్పటికీ తలొంచుకోను.

కని సమ్మెకు ల్యాబుకు పడలే. ఆడ పాల క్యాను అసుంటి ఒక డబ్బా ఉండె. మూత తీస్తె తెల్లటి పొగ. కణాలను గడ్డగట్టిచ్చి దాంట్ల దాస్తరు, మనం ఎండకాలం ఒడియాలు పెట్టి దాసుకున్నట్టు. దాంట్ల చల్లటి మందు వారం వారం పొయ్యాలె. తెచ్చే లారీ రాలే. ఒకనాడు శ్రావణి మూత తీస్తె పొగ లేదు. దాసినయన్ని కతం. ఇగ మిగిలినయి ఎచ్చటి బీరువల ఉన్న నాలుగు సీసలే.

శ్రావణి సారు దగ్గరికి ఉరికింది. సారంటె ఆ ల్యాబుకు పెద్ద. వరంగల్ దిక్కాయన, కని దేశాలు తిరిగి తిరిగి మాట మారింది. నేను ఆడనే టేబుల్ తుడుస్తున్న.

"సార్, రెండేళ్ల క్రితం బెంగళూరు ల్యాబ్‌కి మన కణాలు రెండు గొట్టాలు పంపాం కదండీ. ఒకటి తిరిగి అడుగుదామా?"

సారు మొహం కాకరకాయ తిన్నట్టయింది. "ఎవరిని? అతన్నా? రెండొందల మంది ముందు లేచి నిలబడి, నా గ్రాఫ్ తప్పని అన్నాడు. నేను చచ్చినా అతన్ని అడగను."

"గ్రాఫ్ నిజంగానే..."

"శ్రావణీ!"

నేను అనుకున్న, తోడికోడండ్లు పెండ్లిల పీట దగ్గర అలుగుతరు గని, ఇంత చదివినోళ్లు గీత వంకర పోయిందని ఏండ్లకేండ్లు అలుగుతరా అని. అలుగుతరు బిడ్డా. సైంటిస్టులు అలిగితె తోడికోడండ్లు కాళ్లు మొక్కాలె.

ఇగ దసరా ఒచ్చింది. పండుగ దినాలల్ల ఇంకేదో పెద్ద బంద్ అన్నరు. హాస్టల్ వార్డెన్ మూడు దినాలు గేటుకు తాళం ఏస్త అన్నది. తణుకు నుంచి వాళ్లమ్మ గంటకొక ఫోను, "బయట అడుగు పెట్టావంటే నా మీద ఒట్టే" అనుకుంట. శ్రావణి నన్ను బీరువ ముంగట నిలబెట్టి, నా రెండు చేతులు పట్టుకున్నది.

"యాదమ్మగారూ, మీరొక్కరే దిక్కు. మీరు నడిచి రాగలరు కదా?"

"ఒస్త తల్లీ. ఏం జెయ్యాలె చెప్పు."

"ఏమీ చెయ్యొద్దండీ."

"అదేంది?"

"తిండి నేను మార్చేశాను, మూడు రోజులకి సరిపోతుంది. మీరు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి బయట నంబర్ చూడండి. ముప్పై ఏడు ఉండాలి. కరెంటు పోతే జెనరేటర్ ఆన్ అయ్యిందో లేదో చూడండి. అంతే. తలుపు మాత్రం తియ్యొద్దు."

"తియ్యను."

"ఒట్టు?"

"మా అమ్మ తోడు."

చూసినవా? నా పని ఏం చెయ్యకుండ ఉండుడు. జన్మల ఎవ్వరూ నాకు గంత అల్కటి పని ఇయ్యలే. గదే నాకు చాతగాలే.

మొదటి దినం ఆయుధ పూజ. పొద్దుగాల మీ తాత డిపోకు పోయి, ఆగిన బస్సుకే బొట్టు పెట్టి, పూలదండేసి, టైరు కింద నిమ్మకాయ పెట్టి ఒచ్చిండు. నేను ఛాయ్ ఇచ్చుకుంట అన్న, "నడవని బస్సుకు పూజేందయ్యా?"

"నడవకున్నా అన్నం పెట్టింది గదనే. గది మొక్కకుంటె కండ్లు పోతయి." ఒక గుటకేసిండు. "నీ ల్యాబు మిషిన్ల సంగతేంది?"

"ఆళ్లకు గసుంటియి లేవు. ఆళ్లు సైన్సోళ్లు."

"సైన్సోళ్లకు లేకుంటె నీకు లేదా? నా బస్సు పండుకున్నది, నీ బీరువ పగలూ రాత్రీ నడుస్తనే ఉన్నదంటివి. దాంట్ల ప్రాణాలున్నయంటివి. పసుపు కుంకుమ లేకుండ పండుగ పూట ఉంచుతవా దాన్ని? రేపు ఏదన్న అయితె?"

రేపు ఏదన్న అయితె. ఈ ఒక్క మాట నా చెవులల్ల జోరీగ లెక్క జొర్రింది. కొత్తపేట దాటేదాక అదే సప్పుడు. నిజమే గదా? పొగ డబ్బా ఎండిపాయె. కరెంటు గంట గంటకు పోవట్టె. శ్రావణి హాస్టల్ తాళం ఎనక ఉండె. దిక్కులేని పిల్లలు. దిష్టి తగలదా?

చౌరస్తాల ముందటి రోజు ఆడిన బతుకమ్మల పూలు గుట్టలు పడి ఉన్నయి. పక్కపొంటి ఒకామె బంతిపూలు అమ్ముతుండె. కిలో కొన్న. ఊదుబత్తులు, కర్పూరం, కొబ్బరికాయ తీసుకున్న. బిడ్డా, తలకు నొప్పొచ్చిందని రోకలి తెచ్చి నెత్తికి చుట్టుకునెటోడి గురించి విన్న గని, నేను రోకలిని కిలోల లెక్కన కొనుక్కొని పోయిన.

ల్యాబుల పురుగు లేదు. వాచ్‌మన్ గేటు కాడ కునుకు తీస్తున్నడు. బీరువ మీద నంబర్ ముప్పై ఏడు. మంచిగ ఉన్నది. నేను అప్పుడే ఇంటికి పోతె ఈ కత ఇక్కడికే అయిపోతుండె.

బయట తలుపుకు పసుపు పూసిన, కుంకుమ బొట్లు పెట్టిన. మంచిగనే ఉన్నది. కని నా మనసొప్పలే. దేవుడు లోపలుంటె గుడి గోడకు బొట్టు పెడ్తరా ఎవరన్న? "తియ్యొద్దు" అన్నది శ్రావణి. కని గది పనోళ్లకు చెప్పే మాట, పూజకు వర్తించదు అనుకున్న. చూడు నా తెలివి. చట్టంల సందు ఎదికే వకీలు లెక్క ఒట్టుల సందు ఎదికిన.

తలుపు తీసిన. అద్దం తలుపు గూడ తీసిన. లోపల ఎంత ఎచ్చగున్నదో, పసిపిల్ల నోటి ఆవిరి లెక్క. నాలుగు సీసలు బోర్ల పండుకోని ఉన్నయి. నాకు కండ్ల నీళ్లొచ్చినయి. ఒక్కొక్క అరల ఒక్కొక్క బంతిపువ్వు పెట్టిన. సీసల పక్కన రెండు ఎక్కువ పెట్టిన. అద్దానికి గంధం పూసిన. ఊదుబత్తి పొగ లోపలికి ఊపిన, మూలమూలకు పోవాలని కొంగుతోని విసిరిన గూడ. హారతిచ్చిన. కొబ్బరినీళ్లు చేతుల పట్టి నాలుగు చుక్కలు చల్లిన.

గప్పుడు బీరువ "కీ... కీ... కీ..." అని మోగుడు మొదలుపెట్టింది. ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటున్నది. తలుపు శానసేపు తీసుంచితె గట్ల మొత్తుకుంటదట, నాకేమెరుక? నేను హారతికి గంట మోగిందనుకున్న. అద్దానికి చెమట పట్టింది. అమ్మవారికి చెమట పడితె మహిమ అంటరు గదా! ఒళ్లు జలదరిచ్చింది. సాష్టాంగ పడ్డ.

"తల్లీ, నా మొర ఆలకించినవా!"

"కీ కీ కీ" అన్నది బీరువ. గది "తలుపు మూయవే ముసలిదానా" అని మొత్తుకున్నదని ఎన్నడో సమజైంది.

మూడో దినం మాపు పూలు వాడినయి. సారు చూస్తె తిడ్తడని పూలు తీసి పడేసి, పసుపు, కుంకుమ, గంధం అన్ని స్పిరిటు బట్టతోని శుభ్రంగ తుడిసిన. ఇగో, ఇక్కడ నా మనసు లోపల ఎక్కడ్నో తెలుసన్నమాట, చెయ్యరాని పని చేసిన్నని. లేకుంటె ఎందుకు తుడుస్త?

నాలుగో దినం శ్రావణి ఒచ్చింది. నడిసొచ్చింది, చెమటలు కారుకుంట, మొహం నిండ నవ్వు. సీస తీసి ఎలుతురుకు పట్టింది. నవ్వు ఆగింది. మైక్రోస్కోపు కింద పెట్టింది. రెండో సీస. మూడోది. నాలుగోది.

"ఏందమ్మా?"

పక్కకు జరిగింది. నేను కన్ను పెట్టి చూసిన. కణాల మీద దారాలు. సన్నటి తెల్లటి దారాలు, కొమ్మలు కొమ్మలుగ, పాత గోడల మీద చెదలు పారినట్టు.

"ఇదేంది తల్లీ?"

"బూజండీ." నేల మీద కూలబడ్డది. ఏడవలే. ఏడిస్తె బాగుండు. అన్నది, "అన్నీ పోయాయి యాదమ్మగారూ. ఒక్కటి కూడా మిగల్లేదు."

వినాయకుణ్ణి చెయ్యబోతె కోతయిందట. నేను పూజ చెయ్యబోతె బూజయింది.

చెప్తె చెప్పెయ్యాలె గప్పుడే. నోరు తెరిచిన. "తల్లీ..." అన్న.

"మీరేం బాధపడకండి. మీరు మీ పని సక్రమంగా చేశారు" అన్నది.

నోరు మూసుకున్న. గంత మంచి మాట నా జన్మల నన్నెవ్వరూ పొడిచి చంపడానికి వాడలే.

ఇగ మొదలైంది బిడ్డా దర్యాప్తు. దొంగతనమైతె పోలీసులు ఒక కుక్కను తెస్తరు. సైంటిస్టులు ఊకుంటరా? పక్క గదులల్ల పనిచేసేటోళ్లు గూడ జమైన్రు. ఒకాయన ఏసీ పైపులల్లకెల్లి ఒచ్చింది అన్నడు. ఒకామె కిటికీల పావురాలన్నది. ఇంకొకాయన తాంబాళం నీళ్లన్నడు. మూలమూలకు చిన్న పళ్లాలు మూత తీసి పెట్టిన్రు, ఏడ బూజు పడ్తదో పట్టుకుందామని. నేనే వాటిని కడిగిచ్చిన. నన్ను పట్టే వలకు నేనే సబ్బు పెట్టి తోమిచ్చిన.

రెండు దినాలకు చూస్తె అన్ని పళ్లాలు సాఫ్‌గ ఉన్నయి. బీరువల పెట్టిన పళ్లెం ఒక్కటే గొర్రెతోలు లెక్క బొచ్చుబొచ్చు.

సారు చేతులెనక్కి కట్టుకోని తిరిగిండు. "బయట ఎక్కడా లేదు. లోపలే ఉంది. లోపల చెయ్యి పెట్టేది ఒక్కరే."

శ్రావణి తల ఎత్తింది. "సార్, నేను స్పిరిట్‌తో తుడుచుకోకుండా ఎప్పుడూ..."

"మూడేళ్లు నేర్పించాను. మొదటి పాఠమే చెయ్యి శుభ్రత. ఇలా పనిచేసే వాళ్లని నేను ఉంచుకోలేను. సోమవారం మీటింగ్‌లో అందరి ముందూ మాట్లాడదాం. అప్పటికి నీ సామాన్లు సర్దుకో."

గా పిల్ల "సరే సార్" అన్నది. గంతే. గొంతుల నుంచి గాదు, కాళ్ల కిందికెల్లి ఒచ్చినట్టు ఒచ్చింది గా మాట.

ఇంటికొచ్చి అన్నం ముంగట కూసున్న. మీ తాతకు మొత్తం చెప్పిన. ఆయన మీసం దువ్వుకున్నడు.

"ఒప్పుకుంటె నీ నౌకరి పోతది" అన్నడు.

"ఒప్పుకోకుంటె ఆ పిల్ల పోతది."

"ఇద్దరు పోకుండ ఉపాయం లేదా?"

"ఉన్నది. పూజ చేసుడు నీ ఆలోచన అని చెప్త."

"నౌకరి పోతె పాయె తియ్యి" అన్నడు బిరాన. "నువ్వే ఒప్పుకో."

సోమవారం ఒచ్చింది. మీటింగు గది నిండ జనం. సారు బోర్డు మీద పళ్లాల లెక్కలు రాస్తున్నడు. శ్రావణి చివర కుర్చీల కూసోని గోర్లు చూసుకుంటున్నది. నేను ఛాయ్ పళ్లెం పట్టుకోని లోపలికి పోయిన. కప్పులన్ని టకటకమంటున్నయి.

"సారూ, ఒక్క మాట."

"తర్వాత యాదమ్మా."

"గా బూజు నాది సారూ."

ఛాయ్ కప్పుకు చెయ్యి చాపినోళ్లు ఆగిన్రు. సారు సుద్దముక్క ఆగింది. "నీదా? నీదంటే?"

"నేను పెట్టిన. ఆయుధ పూజ నాడు."

"ఏం పెట్టావు?"

"బంతిపూలు."

"ఎక్కడ?"

"ప్రతి అరల సారూ. సీసల పక్కన రెండు ఎక్కువ."

పావురాలన్నామె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. సారు గొంతు సన్నగైంది. "ఇంకా?"

"ఊదుబత్తి. గంధం. హారతి. కొబ్బరినీళ్లు నాలుగే చుక్కలు."

"నాలుగే చుక్కలు!"

"ఎక్కువ చల్లితె తడుస్తదని."

శ్రావణి లేచి నిలబడ్డది. నన్నే చూస్తున్నది. తిడ్తదేమో, కొడ్తదేమో, దేనికైనా సిద్ధమే అనుకున్న. "తియ్యొద్దన్నాను కదండీ" అన్నది. గంతే. బిడ్డా, ఎన్ని చెప్పు దెబ్బలైనా గా మాటకు సాటి రావు. నేను ఆడనే ఏడ్సిన. ఛాయ్‌ల పడ్డయి కన్నీళ్లు. ఆ దినం అందరు ఉప్పు ఛాయ్ తాగిన్రు.

సారు మొహం ఎర్రగైంది. "రండి అందరూ. ఎక్కడ, ఏం చేసిందో చూపించాలి." అందరం బీరువ దగ్గరికి పోయినం, ఊరేగింపు లెక్క. "జరపండి దీన్ని" అన్నడు సారు, "వెనకాల కూడా ఏమైనా పెట్టిందేమో."

ఇద్దరు పట్టి బీరువను గోడ నుంచి జరిపిన్రు. శ్రావణి ఒంగి, గ్యాసు పైపు సందుల చెయ్యి పెట్టి ఏదో తీసింది.

నిమ్మకాయ. ఎండి, నల్లబడి, నడుమ కోసి, కుంకుమ అద్దిన నిమ్మకాయ. దాని ఒంటి నిండ బూజు, గడ్డం పెంచిన సన్నాసి లెక్క.

"ఇదీ నీదేనా యాదమ్మా?" అన్నది పావురాలామె.

నేను కండ్లు తుడుసుకోని చూసిన. "కాదమ్మా. బంతిపూలు నావి. ఊదుబత్తి నాది. కొబ్బరినీళ్లు నావి. ఇంత ఒప్పుకున్నదాన్ని ఒక నిమ్మకాయ దాస్తనా? నిమ్మకాయ నాది గాదు."

బీరువ ఒక్కటే గుయ్యిమంటున్నది. ఒకల్లొకల్లు మొహాలు చూసుకుంటున్నరు. అందరూ చూడంగ చూడంగ ఒక్క మనిషి మాత్రం పైకప్పు చూస్తున్నడు.

"సార్?" అన్నది శ్రావణి.

సారు కండ్లద్దాలు తీసి తుడిసిండు. మళ్ల పెట్టుకున్నడు. "అది... గదిలో తేమ ఎంత ఉందో తెలుసుకోడానికి... నిమ్మకాయ ఎండే వేగాన్ని బట్టి..."

"కుంకుమతోనా సార్?"

సారు దగ్గిండు. "పేపర్ పంపిన రోజు" అన్నడు మెల్లగ. "ముందు రెండుసార్లు తిప్పి పంపారు కదా. మా ఆవిడ ఇచ్చింది. వద్దంటే వినలేదు."

నా బూజో, సారు బూజో ఎవరికెరుక? రెండు బూజులు కలిసి కాపురం పెట్టినయేమో. కని గా నిమిషం నుంచి సారు నన్ను తిట్టలేడు, శ్రావణిని ఎల్లగొట్టలేడు. అందరు ఆయన మొహమే చూస్తున్నరు. శ్రావణి ఆ నిమ్మకాయను అరచేతుల పట్టుకోని మెల్లగ అన్నది, "సార్, బెంగళూరుకి ఫోన్ చేద్దామా?"

సారు "చెయ్యి" అన్నడు.

ఫోను టేబుల్ మీద పెట్టి అందరికి వినపడేటట్టు చేసిన్రు. ఆ బెంగళూరాయన అసలుకు అనంతపురం మనిషట. "ఏమప్పా! ఇన్నేండ్లకి గుర్తొచ్చినామా?" అన్నడు.

సారు నీళ్లు నమిలిండు. "మీ దగ్గర మా కణాలు... ఒక గొట్టం తిరిగి..."

"రెండూ భద్రంగానే ఉండాయి. పంపిస్తాలే. మీవి ఏమైనాయి?"

"ఏముంది, ఇక్కడ సమ్మె కదండీ. కరెంటు కోతలు. ఈ ఉద్యమం వల్ల మొత్తం..."

బిడ్డా, అప్పటిదాక నేను గోడకు ఒరిగి ఏడుస్తున్న. గని గా మాట వినంగనే నాకు ఒళ్లు మండింది. నన్ననుండ్రి పడ్త. నా తెలంగాణను అంటె పడ్తనా? చౌరస్తాల వంకాయలు కోసిన చెయ్యి ఇది. కరెంటు పోయినా బీరువ ఒక్క నిమిషం చల్లగ గాలే, జెనరేటరు బరాబర్ నడిసింది, నేనే సాక్షి. ఫోను మీదికి ఒంగి గట్టిగ ఒర్లిన:

"కరెంటు గాదు సారూ! సమ్మె గాదు! పూజ! ఆయుధ పూజ చేసినం! నేను బంతిపూలు పెట్టిన, సారు నిమ్మకాయ పెట్టిండు!"

సారు రెండు చేతులతోని మొహం మూసుకున్నడు. ఫోనుల సప్పుడు లేదు. కట్ అయిందనుకున్నం. కొంచెం సేపటికి ఆడికెల్లి నవ్వు. ఆగకుండ నవ్వు. నవ్వి నవ్వి దగ్గి అన్నడు:

"దానికేముందమ్మా, ఇక్కడా ప్రతి సంవత్సరం చేస్తాం. మైక్రోస్కోప్ నుంచి ఫ్రిజ్ దాకా అన్నింటికీ దండలే. కాకపోతే ఒక్కటి తల్లీ. మేము తలుపేసి చేస్తాం."

గొట్టం ఒచ్చింది, సమ్మె అయిపోయినంక, పొగలు కక్కుకుంట. కణాలు మళ్ల లేసి నిలబడి తిండి తినుడుకు నెలలు పట్టింది. శ్రావణి పుస్తకం ఏడాది ఎనకబడ్డది. గా ఏడాది గా పిల్ల ఒక్కనాడు నన్ను ఒక్క మాట అనలే. గందుకే నాకు ఇప్పటికీ నిద్ర పట్టది. తిట్టెటోళ్లను మరిచిపోవచ్చు బిడ్డా, తిట్టనోళ్లను ఎట్ల మరిచిపోతం?

ఇగ చివరి ముక్క. పెద్ద అక్షరాలతోని రాయి, కింద గీత గీయి. యాదమ్మ అను నేను, ముక్కోటి దేవతల సాక్షిగ, మీ తాత మీసాల సాక్షిగ ప్రమాణం చేస్తున్న: ఇగ ఈ జన్మల ఊపిరున్న దేనికీ తలుపు తీసి పూజ చెయ్య. ఏం చెయ్యొద్దని ఎవరన్న చెప్తె, ఏం చెయ్యకుండ ఉండుడు నేర్చుకుంట. దాంట్ల డాక్టరేటు ఉంటె చేరిపియ్యి, ఏండ్లు పట్టినా సరే చదువుత.